గడప దాటాలంటే: దివ్యాంగుల ఇంటి మార్పులకు ఆర్థిక సాయం

శ్రోతలందరికీ నమస్కారం.

పక్షవాతంతోనో ప్రమాదంలోనో నడక పోయిన మనిషిని ఆసుపత్రి నుంచి తీసుకొచ్చిన రోజే అసలు కష్టం మొదలవుతుంది. వాకిట్లో మూడు మెట్లు. బాత్రూమ్‌కు రెండుంపావు అడుగుల తలుపు. లోపల గొంతుకూర్చునే మరుగుదొడ్డి. పుట్టుకతోనే వైకల్యం ఉన్న పిల్లల ఇళ్లలో ఇదే కష్టం మెల్లగా వస్తుంది. ఎత్తుకుని తిప్పిన బిడ్డ పదేళ్లు దాటేసరికి బరువెక్కుతాడు, తల్లి నడుం పట్టేస్తుంది.

ఇంగ్లండ్‌లో ఇలాంటి ఇంటి మార్పులకు స్థానిక సంస్థలు 30,000 పౌండ్ల వరకు గ్రాంటు ఇస్తాయి. మన దగ్గర అలా ఒకే కిటికీ దగ్గర అడిగి తెచ్చుకునే డబ్బు లేదు. అందుకే చాలామంది ఆఫీసులో ఒకసారి అడిగి, "అట్లాంటి స్కీమ్ లేదమ్మా" అనిపించుకుని తిరిగొచ్చేస్తారు. ఆ మాట సగమే నిజం. పరికరాలకు ఒక దారి ఉంది, కట్టుబడికి ఇంకో దారి ఉంది, పన్నులో మిగిలేది మరొకటి. కాబట్టి గోడ పగలగొట్టకముందే ఖర్చును విడగొట్టాలి. వీల్‌చెయిర్, కమోడ్ కుర్చీ, వాకర్ లాంటి కదిలే వస్తువులు ఒక కాగితం మీద, ర్యాంపు, తలుపు, టైల్స్, ప్లంబింగ్ మరో కాగితం మీద రాయించండి. మేస్త్రీ అంతా కలిపి ఒకే అంకె రాసిస్తే, ఆ అంచనా ఏ ఆఫీసులోనూ పనికిరాదు.

అన్నిటికీ మూలం వైకల్య ధ్రువపత్రం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చాలా పథకాలకు 40 శాతం వైకల్యం ఉండాలి. యూడీఐడీ కార్డుకు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డుకు, స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేస్తే, కేటాయించిన ఆసుపత్రిలో పరీక్ష చేస్తారు. ఇక్కడ పని చెడేది రెండు చోట్ల. ఆధార్‌లో పేరు ఒకలా, ఆసుపత్రి కాగితాల్లో ఇంకోలా ఉండటం ఒకటి. తాత్కాలిక ధ్రువపత్రం గడువు దాటిపోయినా చూసుకోకపోవడం రెండోది. దరఖాస్తు సగంలో ఉండగా గడువు ముగిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ఇక ఏం మార్చాలో చూద్దాం. ఇది మేస్త్రీ ఒక్కడే తేల్చే విషయం కాదు. రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా సాయపడే నిపుణుణ్ణి, అంటే ఆక్యుపేషనల్ థెరపిస్టును అడగాలి. పెద్ద ఆసుపత్రుల పునరావాస విభాగాల్లో వీళ్లు ఉంటారు. మేధో వైకల్యం ఉన్న పిల్లలకైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో జాతీయ సంస్థే ఉంది. మనిషి మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి కమోడ్‌కు ఎటువైపు నుంచి జరుగుతారో చూశాకే పట్టుకునే కడ్డీ ఏ గోడకు బిగించాలో తెలుస్తుంది. ఎడమ పక్క చచ్చుబడిన మనిషికి ఎడమ గోడకు కడ్డీ పెడితే ఆ డబ్బు వృథా.

డబ్బు తక్కువగా ఉంటే ముందు బాత్రూమ్ చేయించండి. వాకిట్లో ర్యాంపు నలుగురికీ కనిపిస్తుంది కాబట్టి చాలా ఇళ్లలో దాంతో మొదలుపెడతారు. కానీ మనిషి రోజుకు నాలుగైదుసార్లు పోవాల్సింది బాత్రూమ్‌కే, జారిపడేదీ ఎక్కువగా అక్కడే.

మామూలు వీల్‌చెయిర్ వెడల్పు 24 నుంచి 26 అంగుళాలు. తలుపు తెరిచాక ఖాళీ కనీసం 32 అంగుళాలు ఉండాలి, 36 ఉంటే చేతులు గీసుకోవు. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునే తలుపైతే, లోపల పడిపోయిన మనిషే తలుపుకు అడ్డమవుతాడు, బయటివాళ్లు తోసినా రాదు. చౌకట్టు పగలగొట్టే స్తోమత లేకపోతే తలుపు తీసేసి మందపాటి పరదా కట్టినా అంగుళంన్నర కలిసొస్తుంది. కుర్చీ లోపల తిరగాలంటే ఐదడుగుల వలయం కావాలి. మన ఫ్లాట్లలో అంత చోటుండే బాత్రూమ్ అరుదు. అప్పుడు కుర్చీ వెనక్కి తోసుకుంటూ నేరుగా కమోడ్ మీదికి వచ్చేలా, చక్రాలున్న కమోడ్ కుర్చీ వాడటమే తెలివైన దారి. కింద కూర్చునే దొడ్డినైనా అలాంటి కుర్చీతో వాడుకోవచ్చు. అంటే కట్టుబడి ఖర్చు కాస్తా పరికరం ఖర్చుగా మారుతుంది, పరికరానికి సాయం దొరకడం తేలిక.

పట్టుకునే కడ్డీలు, అంటే గ్రాబ్ బార్లు, తుప్పు పట్టని 304 రకం స్టీలువి తీసుకోండి. మందం 32 నుంచి 40 మిల్లీమీటర్లు, గోడకూ కడ్డీకీ మధ్య రెండంగుళాల సందు, నేల నుంచి 28 అంగుళాల ఎత్తు. కమోడ్ సీటు ఎత్తు 18 నుంచి 19 అంగుళాలు. కడ్డీ ఊడిపోయే కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: ప్లాస్టిక్ గుల్లలో స్క్రూ బిగిస్తారు, అది టైలు, ప్లాస్టరు దాటి ఇటుకలోకి పోదు. ఇటుక గోడకైతే యాంకర్ బోల్టు వేయించండి. తేలిక బ్లాకుల గోడకైతే రసాయన జిగురుతో బోల్టును పట్టి ఉంచే కెమికల్ యాంకర్ అడగండి. మేస్త్రీ వెళ్లేముందు బరువైన మనిషి పూర్తి బలంతో లాగి చూడాలి. రబ్బరు కప్పుతో గోడకు అతుక్కునే కడ్డీలను, తువ్వాలు ఆరేసే రాడ్లను నమ్ముకోవద్దు.

ర్యాంపు లెక్క చాలా సులువు. ఒక అంగుళం ఎత్తుకు ఒక అడుగు పొడవు. ఇంటి పునాది 18 అంగుళాలైతే 18 అడుగుల ర్యాంపు కావాలి. హైదరాబాద్ పాతబస్తీ, ముషీరాబాద్ గల్లీల్లో అంత జాగా ఎక్కడిది? అందుకని మెట్ల మీదే నిట్టనిలువుగా సిమెంటు పోసేస్తారు. దాని మీద కుర్చీ ఎక్కుతుంటే మనిషి వెనక్కి తిరగబడతాడు. రోడ్డు మీదికి కట్టిన ర్యాంపును జీహెచ్‌ఎంసీ ఎప్పుడైనా తొలగించవచ్చు. ప్రహరీ లోపలే మలుపు తిప్పి, మలుపు దగ్గర ఐదడుగుల చదును పెట్టాలి. అదీ కుదరకపోతే వెల్డింగ్ షాపులో గీతల రేకుతో ఎత్తిపెట్టుకునే ర్యాంపు చేయించుకోవచ్చు, తోసేవాళ్లు తోడుంటేనే. పైన నునుపు తాండూరు బండ వేయవద్దు, వాన పడితే జారుతుంది. గరుకు షాబాద్ బండ చాలు. రెండు పక్కలా మూడంగుళాల గట్టు మరవద్దు, చక్రం జారకుండా ఆపేది అదే. గడప తీయడానికి పెద్దవాళ్లు ఒప్పుకోని ఇంట్లో దానికి రెండువైపులా చెక్క వాలు పెడితే సరిపోతుంది.

ఇప్పుడు డబ్బు. పరికరాలకు కేంద్రం నడిపే అడిప్ పథకం ఉంది. నెల ఆదాయం 22,500 రూపాయల లోపు ఉంటే పరికరం పూర్తిగా ఉచితం, 30,000 వరకు సగం ధరకు. మామూలుగా మూడేళ్లకు ఒకసారి ఇస్తారు, 12 ఏళ్ల లోపు పిల్లలకు ఏడాదికొకసారి. 60 దాటిన పేద వృద్ధులకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద వాకర్లు, కమోడ్ కుర్చీల వంటివి వస్తాయి. వీటి శిబిరాల వివరాలకు జిల్లా సంక్షేమ కార్యాలయంలోను, మలక్‌పేటలోని వికలాంగుల సహకార సంస్థలోను అడగండి. శిబిరంలో కొలతలు తీసుకున్నాక వస్తువు రావడానికి సమయం పడుతుంది కాబట్టి బాత్రూమ్ పని కంటే ముందే దరఖాస్తు చేయాలి.

కట్టుబడికి ఎక్కువమందికి దక్కేది రుణమే. జాతీయ దివ్యాంగజన ఆర్థికాభివృద్ధి సంస్థ 50 లక్షల వరకు తక్కువ వడ్డీకి రుణాలిస్తుంది, కానీ నేరుగా కాదు, రాష్ట్ర సంస్థల ద్వారా, బ్యాంకుల ద్వారా. దాని మొగ్గు ఉపాధి వైపు. ముందు గదిలో కుట్టుపనో జిరాక్సు దుకాణమో పెట్టుకునేవారు ఆ యూనిట్ అంచనాలోనే ర్యాంపు, వెడల్పు తలుపు రాయించి అడగవచ్చు. ఉద్యోగికే వైకల్యం ఉంటే ఇబ్బంది తగ్గించే పరికరాల కోసం పీఎఫ్ నుంచి అడ్వాన్స్ తీసుకోవచ్చు, ఇంటి మార్పులకూ వీలుంది. అయితే అది ముసలితనానికి దాచుకున్న డబ్బు. మిగతా దారులన్నీ చూశాకే దాని జోలికి పోవాలి.

ఆదాయపు పన్నులో దివ్యాంగుడైన కుటుంబసభ్యుణ్ణి పోషించేవారికి 75,000 రూపాయల మినహాయింపు ఉంది. వైకల్యం 80 శాతం, అంతకు మించి ఉంటే 1,25,000. ఎంత ఖర్చుపెట్టారన్నదానితో సంబంధం లేదు, ధ్రువపత్రం చాలు. 20 శాతం శ్లాబులో ఉన్నవారికి సెస్సుతో కలిపి ఏడాదికి 15,600, లేదా 26,000 మిగులుతుంది. దాంతోనే కడ్డీలు, తలుపు మార్పు అయిపోయే ఇళ్లున్నాయి. ఇది పాత పన్ను విధానంలోనే వర్తిస్తుంది. ఏమీ ఎంచుకోకపోతే కొత్త విధానమే పడుతుంది కాబట్టి రెండు లెక్కలూ వేయించి చూసుకోండి.

కొత్త ఇల్లు కట్టుకునేవారికి ఇంకో మాట. తెలంగాణ ఇందిరమ్మ ఇళ్ల పథకంలో సొంత జాగా ఉన్నవారికి 5 లక్షలు విడతలవారీగా వస్తాయి. హక్కుల చట్టం 37వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ గృహ పథకాల్లో 5 శాతం దివ్యాంగులకు కేటాయించాలి. ముగ్గు పోసే రోజే మూడడుగుల తలుపులు, తక్కువ ఎత్తు పునాది, సమంగా ఉండే బాత్రూమ్ నేల అని మేస్త్రీకి చెప్పండి. అప్పుడు అదనంగా అయ్యేది చాలా స్వల్పం. కట్టాక పగలగొట్టాలంటే రెండింతల ఖర్చు.

రోడ్డు ప్రమాదంలో వైకల్యం వచ్చినవారు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో వేసే పరిహారం కేసులో ఇంటి మార్పుల అంచనాను కూడా జత చేయమని వకీలుకు చెప్పండి. ఆసుపత్రి బిల్లులు మాత్రమే పెట్టి ఊరుకునే కేసులు ఎన్నో. కేసు వేయడానికి చట్టం ఇచ్చిన గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి 6 నెలలు.

అద్దె ఇంట్లో ఉంటే యజమాని అనుమతి రాతపూర్వకంగా తీసుకుని, వెళ్లేటప్పుడు విప్పుకుపోగలిగినవే పెట్టించుకోండి. అపార్ట్‌మెంట్ వాకిట్లో ర్యాంపుకు సంఘం తీర్మానం చేయిస్తే ఖర్చు అందరి మీదా పడుతుంది. ప్రతి వస్తువుకూ జీఎస్టీ నంబరున్న బిల్లు అడగండి. కచ్చా చిట్టీ మీద ఏ ఆఫీసూ డబ్బివ్వదు. రుణం మంజూరు కాకముందు పని మొదలుపెట్టవద్దు. ఎక్కడైనా దరఖాస్తు తిరస్కరిస్తే కారణం కాగితం మీద రాసిమ్మని అడగండి. ఆ కాగితం జతచేసి రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు.