వాగ్దాన వచనం దాటి: జీవితమంతా దేవుణ్ణి వెదకడం

ప్రభువు నామంలో సంఘ పెద్దలకు, సహోదరీ సహోదరులకు వందనాలు. చెన్నైలోని మన తెలుగు సంఘాల్లో భక్తికి లోటు లేదు. ఉపవాస ప్రార్థనలున్నాయి, గృహ కూటములున్నాయి, పాటల అభ్యాసముంది. అయినా బాప్తిస్మం పొంది, సంఘంలో ఏదో ఒక బాధ్యత తీసుకున్న తరువాత మనలో చాలామందికి దేవుణ్ణి గూర్చి కొత్తగా తెలుసుకోవలసింది ఏమీ మిగలనట్టే రోజులు గడిచిపోతున్నాయి. ఈ సాయంత్రం నా భారమంతా దాని గురించే.

దేవుని పనిలో ఉండడమూ దేవుణ్ణి ఎరగడమూ ఒకటి కావని లేఖనం సూటిగా చెబుతుంది. ఏలీ కుమారులు యాజకులై ఉండి కూడా యెహోవాను ఎరుగనివారు. బాలుడైన సమూయేలు మందిరంలో పరిచర్య చేస్తూ, దేవుని మందసమున్న చోటనే పడుకుంటూ కూడా అప్పటికి యెహోవాను ఎరుగలేదని మొదటి సమూయేలు మూడవ అధ్యాయంలో ఉంది. ప్రభువుతో కలిసి నడిచిన ఫిలిప్పును సైతం, ఇంతకాలం నీతో ఉన్నా నన్ను ఎరుగవా అని ఆయన అడిగాడు.

మనందరికీ పరిచయమైన ఒక సంగతి చూద్దాం. డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిశాక, కొత్త సంవత్సరానికి ఒక వచనం రాసి ఉన్న వాగ్దాన కార్డు తీసుకుంటాం. ఎక్కువ మంది ఆశించే వచనాల్లో యిర్మీయా 29:11 ఒకటి: మన విషయమై దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు. కార్డును బైబిలులో పెట్టుకుంటాం, లేదా ఫ్రేము కట్టించి హాలులో తగిలిస్తాం. దానికి ముందున్న పది వచనాలను మాత్రం తిరగేయం.

ఆ అధ్యాయం ఒక ఉత్తరం. క్రీ.పూ. 597లో రాజైన యెకొన్యాతో పాటు బబులోనుకు చెరపట్టబడిన వారికి యిర్మీయా దాన్ని యెరూషలేము నుండి పంపాడు. రెండేళ్లలో అంతా సరిపోతుందని హనన్యా అనే ప్రవక్త జనానికి తీపి మాట చెప్పాడు. డెబ్బై సంవత్సరాలు పడుతుందని దేవుడు చెప్పాడు. అంటే ఆ ఉత్తరం చదవగా విన్న నలభై ఏళ్ల మనిషి స్వదేశానికి తిరిగి వెళ్లే అవకాశమే లేదు. అటువంటి మనిషితో దేవుడు ఇల్లు కట్టుకో, తోటలు నాటు, పిల్లలకు పెళ్లిళ్లు చెయ్యి, నిన్ను చెరగొనిపోయిన పట్టణం క్షేమం కోసం ప్రార్థించు అంటున్నాడు. పదకొండవ వచనం ఆ తరువాతే వస్తుంది. కార్డు మీద మనం చూసిన దేవుడు ఈ సంవత్సరమే ప్రమోషను ఇచ్చేవాడు. ఉత్తరమంతా చదివితే కనిపించే దేవుడు మన ఆయుష్షు కంటే పొడవైన పని తలపెట్టినవాడు, మన మనుమల కోసం కూడా ఆలోచిస్తున్నవాడు. నెల్లూరు, ఒంగోలు, చిత్తూరు ప్రాంతాల నుండి ఉద్యోగాల కోసం వచ్చి, ఇక్కడే పిల్లల్ని కని, ఇప్పటికీ 'మా ఊరు' అంటే ఆంధ్రలోని పల్లెనే చెప్పుకునే మనకు, ఈ నగర క్షేమం కోసం ప్రార్థించమనే మాట ఎంత దగ్గరగా తగలాలి! మరి రెండు వచనాలు ముందుకు వెళ్తే, పూర్ణమనస్సుతో వెదికితే నన్ను కనుగొంటారు అనే మాట అక్కడే ఉంది.

మీ బైబిలు మూసి, అంచు పక్క నుండి చూడండి. కీర్తనల దగ్గర, సువార్తల దగ్గర వేళ్లు తగిలి తగిలి కాగితం నల్లబడి ఉంటుంది. యిర్మీయా, ఆమోసు, మీకా దగ్గర కొన్న నాటి తెల్లదనమే ఉంటుంది. మనకు తెలియని దేవుని స్వభావం ఆ తెల్లటి పేజీల్లో ఉంది. అదే యిర్మీయా గ్రంథం 22వ అధ్యాయంలో, జీతమియ్యకుండా పనిచేయించుకుని విశాలమైన రాజభవనం కట్టుకుంటున్న రాజు యెహోయాకీమును దేవుడు అతని తండ్రి యోషీయాతో పోలుస్తాడు. యోషీయా దీనులకు, దరిద్రులకు న్యాయం జరిగించాడు. నన్ను తెలుసుకోవడమంటే అదే కాదా అని దేవుడు అడుగుతాడు. మన ఇంట్లో అంట్లు తోమే ఆమె జ్వరంతో నాలుగు రోజులు రాకపోతే ఆ నాలుగు రోజుల జీతం కోసేవాళ్లం, దేవుణ్ణి ఎంతవరకు ఎరిగామో ఈ అధ్యాయం ముందు నిలబడి చూసుకోవాలి. ఇక్కడ నేను మెత్తగా మాట్లాడలేను, ఎందుకంటే వచనం మెత్తగా లేదు.

వయసు మళ్లిన వారు, మాకింక చదువెందుకు అంటారు. దమస్కు మార్గంలో ప్రభువును చూసిన పాతికేళ్ల తరువాత కూడా పౌలు, ఆయనను ఎరగాలన్నదే తన గురి అని ఫిలిప్పీయులకు వ్రాశాడు. మరణం దగ్గరపడిందని తెలిసి చెరసాల నుండి తిమోతికి వ్రాసినప్పుడు, త్రోయ పట్టణంలో విడిచిన అంగీతో పాటు పుస్తకాలు, ముఖ్యంగా చర్మపు కాగితాలు తెమ్మన్నాడు.

పిల్లల విషయం వేరు. 1726లో ఈ నగరానికి వచ్చిన జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్ట్జె తెలుగు నేర్చుకుని, 1732 నాటికి బైబిలును తర్జుమా చేస్తే, ఆ ప్రతి అచ్చుకే నోచుకోలేదు. సంపూర్ణ తెలుగు బైబిలు అచ్చులో రావడానికి మరో శతాబ్దం పైగా పట్టింది. అంత ఆలస్యంగా మన చేతికొచ్చిన గ్రంథాన్ని, బడిలో తమిళం, ఇంగ్లీషు చదివే మన పిల్లలు చాలామంది చదవలేరు. వాళ్లను నిందించి లాభం లేదు. కుటుంబ ప్రార్థనలో మనుమడు తమిళ బైబిలులో ఒక అధ్యాయం చదవనీయండి. అదే అధ్యాయాన్ని అమ్మమ్మ తెలుగులో చదవాలి, చూపు ఆనకపోతే ఫోనులో వినాలి. చదివాక ఇద్దరూ ఒకరినొకరు ఒక్క ప్రశ్న అడగాలి: ఇందులో దేవుడు ఎలాంటివాడని కనిపిస్తున్నాడు? యిర్మీయా 29తో ఈ రాత్రే మొదలుపెట్టండి, మొదటి వచనం నుండి.