కొత్త బ్యాండు పాట, దాన్ని వినే మనిషి

శ్రోతలందరికీ నమస్కారం.

1978వ సంవత్సరం. ఉత్తర ఐర్లండ్‌లో డెర్రీ అనే పట్టణం. వీధుల్లో సైనికుల కాపలా, ఎప్పుడు ఎక్కడ బాంబు పేలుతుందో తెలియని రోజులు. ఆ ఊళ్లో ఐదుగురు కుర్రాళ్లు కలిసి అప్పటికే ఒక బ్యాండు నడుపుతున్నారు. పేరు ది అండర్‌టోన్స్. రెండు గిటార్లు, ఒక బేస్ గిటారు, డ్రమ్స్, ఒక గొంతు.

ఆ జూన్‌లో వాళ్లు బెల్‌ఫాస్ట్ వెళ్లి ఒక స్టూడియోలో నాలుగు పాటలు రికార్డు చేసుకున్నారు. మొత్తం ఖర్చు 200 పౌండ్లు. వాళ్ల రికార్డు వేసిన మనిషి టెర్రీ హూలీ. బెల్‌ఫాస్ట్‌లో రికార్డుల కొట్టు నడుపుకునేవాడు, ఆ కొట్టు పేరు మీదే, గుడ్ వైబ్రేషన్స్ అని, ఊళ్లో కుర్రాళ్ల పాటలు రికార్డులుగా వేసేవాడు. అట్ట కవర్లు వేయించే స్తోమత లేదు. పెద్ద కాగితం మీద అచ్చు వేయించి, చేత్తో మడతలు పెట్టి, అందులో రికార్డు దూర్చి అమ్మేవాళ్లు. ఆ రికార్డు పట్టుకుని హూలీ లండన్ వెళ్లాడు. కంపెనీల గడపలన్నీ ఎక్కి దిగాడు. ఎవరూ తీసుకోలేదు.

ఒక కాపీ మాత్రం జాన్ పీల్ చేతికి చేరింది. బీబీసీ రేడియో వన్‌లో రాత్రిపూట పాటల కార్యక్రమం చేసేవాడాయన. 1967లో ఆ స్టేషన్ మొదలైనప్పటి నుంచి 2004లో కన్నుమూసే దాకా, 37 ఏళ్ల పాటు, ఊరూ పేరూ లేని బ్యాండ్లు పంపిన రికార్డులు, క్యాసెట్లు వింటూ, నచ్చినవాటిని వినిపిస్తూ వచ్చాడు. ఆ సెప్టెంబరులో ఒక రాత్రి అండర్‌టోన్స్ పాట వేశాడు. రెండున్నర నిమిషాల పాట. అయిపోయింది. అయిపోగానే, అదే పాట మళ్లీ మొదటి నుంచి వేశాడు.

వెంటవెంటనే రెండుసార్లు! రేడియోలో నిమిషాలు లెక్కపెట్టుకుంటూ పనిచేసేవాళ్లకు తెలుస్తుంది, అది ఎంత సాహసమో. రేడియోలో ఆ పాట విని సైర్ అనే అమెరికన్ రికార్డు కంపెనీ అధిపతి సీమోర్ స్టైన్ డెర్రీకి మనిషిని పంపాడు. అక్టోబరు కల్లా ఒప్పందం మీద సంతకాలు అయిపోయాయి.

పాట బాగుంటే అదే పైకి వస్తుందిలే అని మనవాళ్లు ధైర్యం చెబుతుంటారు. నాకు ఆ మాట మీద అంత నమ్మకం లేదండి. లండన్ కంపెనీలు విన్నదీ అదే పాట, పీల్ విన్నదీ అదే పాట. అక్షరం మారలేదు, స్వరం మారలేదు. వినే మనిషి మారాడు. విని, "ఇది నాకు నచ్చింది, మీరూ వినండి" అని నలుగురిలో చెప్పే మనిషి దొరికాడు.

ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. సినిమాకు సంబంధం లేని పాటకు మన దగ్గర ఒక ఇల్లు ఉందంటే, అది చాలాకాలం ఆ రేడియోనే. లలితగీతం అక్కడ పెరిగింది. "ఈ మాసపు పాట" అని ఒకే గీతాన్ని నెల పొడుగునా వినిపిస్తే, నెలాఖరుకి వంటింట్లో అమ్మలు కూనిరాగం తీసేవాళ్లు. గుంటూరు ఏసీ కాలేజీలో తెలుగు చెప్పిన కరుణశ్రీ గారి పద్యాలు ఘంటసాల గొంతులో రికార్డుగా వచ్చి ఇంటింటా మోగాయి. అవి ఏ సినిమా కోసం పాడినవీ కావు. ఇప్పుడు కుర్రాళ్లు ఇండీ అంటున్నారు, స్వతంత్ర సంగీతం అంటున్నారు. మాట కొత్తది. సినిమా దన్ను లేకుండా, కంపెనీ డబ్బు లేకుండా తన పాట తాను చేసుకోవడం మనకు పాత అలవాటే.

పీల్ చేసిన పని 2002, 2003 ప్రాంతాల్లో ఇంటర్నెట్‌లోకి వచ్చింది. పాటల మీద సొంత బ్లాగులు రాసేవాళ్లు బయల్దేరారు. పగలు ఉద్యోగాలు, రాత్రి పాటలు. ఒక పాట విని, దాని గురించి రెండు పేరాలు రాసి, పాటను పక్కనే పెట్టేవాళ్లు. 2005లో అమెరికాలో క్లాప్ యువర్ హ్యాండ్స్ సే యా అనే బ్యాండు ఏ కంపెనీ లేకుండా సొంతంగా ఆల్బమ్ వేసుకుంటే, దాన్ని దేశమంతా తెలిసేలా చేసింది అలాంటి రాతలే. మన వైపు చూస్తే, హైదరాబాద్‌లో చౌరస్తా, కాప్రిసియో లాంటి బ్యాండ్లు సొంత తెలుగు పాటలతో శ్రోతల్ని సంపాదించుకున్నాయి. విజయవాడలో, గుంటూరులో డాబా మీద గదుల్లో సాధన చేసే కుర్రాళ్లకు తక్కువైంది పాట కాదు. వినే మనిషి దాకా ఆ పాటను చేర్చే పద్ధతి.

సమయం తక్కువుంది కాబట్టి ఆ ఒక్క విషయమే చెబుతాను. పాట గురించి రాసేవాళ్లకు గాని, రేడియోలో వినిపించేవాళ్లకు గాని పాటను ఎలా పంపాలి? పంపడం వేరు, చేరడం వేరు. పంపినవాటిలో చాలా పాటలు వినకముందే ఆగిపోతాయి.

రికార్డింగ్ గురించి రెండే మాటలు. ఇంట్లోనే చేసుకోండి, తప్పులేదు. గోడలకు బొంతలు కట్టండి, మైకు నోటికి జానెడు దూరంలో పెట్టండి, పాడేంతసేపు ఫ్యాను ఆపండి. మే నెలలో బెజవాడలో ఫ్యాను ఆపమనడం ఎంత కష్టమో తెలుసు, కానీ ఆ హోరు తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తో తీసినా గొంతులో జీవం కూడా కొంత దానితో పోతుంది. తెల్లవారుజామున పాడుకోండి, చల్లగానూ ఉంటుంది, వీధీ నిశ్శబ్దంగా ఉంటుంది. రెండోది, శబ్దం మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా చూసుకోండి. డప్పు దెబ్బ ఒక్కసారి సున్నా దాటితే శబ్దం పగిలిపోతుంది. తక్కువగా రికార్డయితే తర్వాత పెంచుకోవచ్చు, పగిలినదాన్ని అతకలేం.

సరే, పాట తయారైంది. విడుదల ఎప్పుడు? ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. శుక్రవారం విడుదల చేసి, శనివారం అందరికీ పంపుతారు. రాసే మనిషికి వినడానికి, రాయడానికి వ్యవధి ఏదండీ? పాటను స్పాటిఫై లాంటి వేదికలకు చేర్చే డిస్ట్రిబ్యూటర్‌కి నాలుగు వారాల ముందే ఇచ్చేయండి. స్పాటిఫైలో వాళ్ల సంపాదకుల పరిశీలనకు పాటను పెట్టుకునే వీలుంది, అదీ విడుదలకు కనీసం 7 రోజుల ముందు చేయాలి. విడుదలైన పాటను అలా పెట్టడం కుదరదు. రాసేవాళ్లకు, రేడియోవాళ్లకు మూడు వారాల ముందు పంపండి.

ఇక ఉత్తరం. ఇప్పుడు ఈమెయిలే అనుకోండి, నేను ఉత్తరమనే అంటాను. ఒకే ఉత్తరం నలభై మందికి కలిపి పంపితే చదివినవాడికి ఆ సంగతి మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. ఆ మనిషి ఇంతకుముందు ఏ పాట గురించి రాశారో చూసి, పది మందికే పంపండి, విడివిడిగా పంపండి. ఎలా ఉండాలో ఒకటి చదువుతాను, వినండి.

"నమస్కారమండీ. పోయిన నెల మీరు జముకు వాద్యంతో చేసిన ఒక కొత్త పాట గురించి రాసింది చదివాం. మాది విజయవాడ, నలుగురం. మా పాట వచ్చే నెల 14న విడుదలవుతుంది. మూడు నిమిషాల నలభై సెకన్లు. కృష్ణ లంకల్లో కూరగాయలు పండించేవాళ్ల మీద, తెలుగులో రాసుకున్నాం. గొంతు, గిటారు, కంజీర, బేస్. పల్లవి 50వ సెకను దగ్గర మొదలవుతుంది. వినడానికి లింకు కింద ఉంది. సాహిత్యం, ఫోటో కూడా అందులోనే పెట్టాం."

అంతే. ఎనిమిది, తొమ్మిది వాక్యాలు. మేము చిన్నప్పటి నుంచి కలలు కన్నాం, ఎన్నో కష్టాలు పడ్డాం, తెలుగు సంగీతాన్ని మార్చేస్తాం, ఇవేవీ లేవు చూడండి. పల్లవి ఎక్కడుందో చెప్పడం చాలా ఉపయోగం. మీ పాట ఆలాపనతో నెమ్మదిగా మొదలవుతుందా? కోయకండి, అలాగే ఉంచండి. వినే మనిషి కంగారుపడి 20వ సెకను దగ్గర ఆపేయకుండా, ముందు ఏముందో చెబుతున్నారంతే.

లింకు సంగతి. గూగుల్ డ్రైవ్‌లో పాట పెట్టి లింకు పంపుతారు. అవతలివాళ్లు నొక్కితే "అనుమతి అడగండి" అని వస్తుంది. వాళ్లు అడగాలి, మీరు చూసుకుని ఒప్పుకోవాలి, ఈలోగా మూడు రోజులు. ఆ మూడు రోజుల్లో వాళ్ల దగ్గరికి ఇంకో ముప్పై పాటలు వచ్చి ఉంటాయి. లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు అనే ఏర్పాటు పెట్టండి. పెట్టాక, మీ అకౌంటు లేని ఇంకొకరి ఫోనులో తెరిచి చూడండి. మీ ఫోనులో ఎలాగూ తెరుచుకుంటుంది, అది పరీక్ష కాదు. కొన్ని రోజులకు చెల్లిపోయే లింకులు మాత్రం వద్దు. మీ పాట వినే రోజు ఈ వారమే అని ఎక్కడా రాసిపెట్టి లేదు కదా.

ఫోటోని వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి. తీసినవాళ్ల పేరు రాయండి. సాహిత్యం తెలుగు లిపిలో రాయండి. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే "కల" అన్నారో "కళ" అన్నారో తెలియక, పాట గురించి రాసేవాడు అర్థమే మార్చేసే ప్రమాదం ఉంది. రాసింది ఎవరు, బాణీ ఎవరిది, వాయించింది ఎవరు, అన్నీ ఉండాలి. జానపద బాణీ అయితే ఎవరి నోట విని నేర్చుకున్నారో వాళ్ల పేరు, ఊరు తప్పకుండా రాయండి. పల్లెల్లో ఆ పాటను ఇన్నాళ్లు కాపాడిన గొంతుకు మనం తీర్చుకోగలిగిన బాకీ అదొక్కటే.

ఇంకో చిక్కు. యూట్యూబ్‌లో ఉచితం అని దొరికే బీటు మీద పాట కట్టేవాళ్లున్నారు. ఆ ఉచితం అనేది చాలాసార్లు సంపాదన లేనంతవరకే. పాట నలుగురికీ తెలిసిన రోజున ఆ బీటు యజమాని హక్కు అడుగుతాడు, పాట ఆగిపోతుంది. లైసెన్సు కాగితం చూసుకోండి. బ్యాండులో ఎవరి వాటా ఎంతో కూడా విడుదలకు ముందే కాగితం మీద పెట్టుకుని సంతకాలు చేసుకోండి. డబ్బు లేనప్పుడు పంచుకోవడం తేలిక. ప్రతి రికార్డింగుకీ ఐఎస్ఆర్‌సీ అని 12 అక్షరాల, అంకెల సంకేతం ఇస్తారు, రాసి దాచుకోండి. రేపు డిస్ట్రిబ్యూటర్‌ని మార్చినా అదే సంకేతం వాడాలి. కొత్తది తీసుకుంటే అప్పటిదాకా విన్నవాళ్ల లెక్క పాత పాట దగ్గరే ఉండిపోవచ్చు.

ఉత్తరానికి జవాబు రాలేదా? పది రోజులాగి, రెండు వాక్యాలతో ఒక్కసారి గుర్తు చేయండి. అంతకు మించి వద్దు. ఫోన్లు చేయడం, పాటకి ఎన్ని మార్కులు వేస్తారని అడగడం వద్దు. డబ్బు తీసుకుని రాస్తామనేవాళ్లు ఎదురైతే నమస్కారం పెట్టి వచ్చేయండి. డబ్బిచ్చి రాయించుకున్న మెచ్చుకోలు ఎవరూ నమ్మరు, దాని తర్వాత నిజంగా మెచ్చుకున్నా నమ్మరు.

చివరగా ఫైలు పేరు. దయచేసి ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. "ఫైనల్ మిక్స్ న్యూ టూ" అని వచ్చే పాటలు ఎన్నో. ఆ పేరు మీకు అర్థమవుతుంది. వంద ఫైళ్ల మధ్య అది ఎవరిదో ఎవరికి తెలుస్తుంది? ముందు బ్యాండు పేరు, తర్వాత పాట పేరు. ఒక ఎంపీత్రీ, 320 కేబీపీఎస్‌లో. రేడియోకైతే దాంతోపాటు వేవ్ ఫైలు కూడా. ఆ ఎంపీత్రీ లోపల కూడా వివరాలు రాసుకునే చోటుంది. విండోస్ కంప్యూటర్‌లో ఫైలు మీద మౌస్ కుడివైపు బటన్ నొక్కి, ప్రాపర్టీస్‌లోకి, డీటెయిల్స్‌లోకి వెళ్లండి. పాట పేరు, బ్యాండు పేరు, సంవత్సరం గళ్లు ఉంటాయి. వాటి దగ్గరే కామెంట్స్ అని ఒక గడి ఉంటుంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. అందులో మీ ఫోన్ నంబరు రాయండి.

ఎందుకంటే ఉత్తరం కిందికి వెళ్లిపోతుంది, లింకు మరుగున పడుతుంది, ఫైలు మాత్రం ఆ మనిషి కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్‌లో ఉండిపోతుంది. ఆరు నెలల తర్వాత ఏదో రాత్రి పని చేసుకుంటూ ఆ ఫోల్డర్‌లో పాటలన్నీ వరసగా పెట్టుకుంటారు. మీ పాట వస్తుంది. చేతిలో పని ఆపి, ఇది ఎవరిదని ఆ ఫైలు తెరిచి చూస్తారు. అప్పుడు అక్కడ పది అంకెలు ఉండాలి.

నమస్కారం.