యుద్ధంలో పిల్లలు: వయసు తేల్చలేకపోతే చట్టం ఏం చేయగలదు?

[తెరపై రెండు అంకెలు: 15, 18]

పద్నాలుగేళ్ల కుర్రాణ్ణి సైన్యంలో చేర్చుకుంటే అది యుద్ధ నేరం. అంతర్జాతీయ నేర న్యాయస్థానాన్ని ఏర్పాటు చేసిన ఒప్పందం, 1998 నాటి రోమ్ శాసనం, ఆ మాట స్పష్టంగా చెప్పింది: హద్దు పదిహేనేళ్లు. ఎత్తుకెళ్లారా, వాడే ఇష్టపడి వచ్చాడా అన్నది అక్కడ చూడరు. అదే కుర్రాడికి పదహారేళ్లుంటే మాత్రం ఆ సెక్షన్ కింద కేసు నిలవదు.

ఈ పదిహేనేళ్ల హద్దు 1977 నాటి జెనీవా అదనపు ప్రోటోకాళ్లలోది, అంటే యుద్ధంలో పాటించాల్సిన నియమాల ఒప్పందాలలోది. 1989 బాలల హక్కుల ఒడంబడిక కూడా దాన్ని మార్చలేకపోయింది. ఆ లోటు పూడ్చడానికి ఆ ఒడంబడికకు అనుబంధంగా వచ్చిందే 2000 నాటి ఐచ్ఛిక ప్రోటోకాల్. దాని ప్రకారం సాయుధ ముఠాలు 18 నిండనివారిని ఏ పరిస్థితిలోనూ చేర్చుకోకూడదు. ప్రభుత్వాలు కూడా వాళ్లను బలవంతంగా చేర్చుకోకూడదు. కానీ స్వచ్ఛందంగా వచ్చే పదహారేళ్లవారిని సైన్యంలోకి తీసుకునే వెసులుబాటు మిగిలింది. దానికి తల్లిదండ్రుల సమ్మతి, నమ్మదగిన వయసు రుజువు ఉండాలి.

చిక్కంతా ఆ రుజువు దగ్గరే. యుద్ధం నడిచే చోట చాలామంది పిల్లల పుట్టుక ఎక్కడా నమోదు కాదు. నమోదైనా ఆ రికార్డులు కాలిపోతాయి.

[తెరపై: హేగ్, 2012 మార్చి 14]

పిల్లల్ని తన సాయుధ ముఠాలో చేర్చుకున్న కాంగో నాయకుడు థామస్ లుబాంగా కేసు చూడండి. అంతర్జాతీయ నేర న్యాయస్థానం ఇచ్చిన మొట్టమొదటి తీర్పు అది. బాల సైనికులమని చెప్పిన సాక్షుల వాంగ్మూలాలను జడ్జీలు నమ్మలేకపోయారు. చివరికి ఎక్కువగా ఆధారపడింది వీడియోల మీద. చూడగానే పదిహేను నిండలేదని తెలిసిపోయే పిల్లలనే లెక్కలోకి తీసుకున్నారు. లుబాంగాకు పడిన శిక్ష 14 ఏళ్లు.

తుపాకీ పట్టినవారే బాల సైనికులనుకోకండి. వంట చేసేవారు, మూటలు మోసేవారు, కబుర్లు చేరవేసేవారు, లైంగిక దోపిడీకి గురైన ఆడపిల్లలు, అందరూ బాల సైనికుల గురించిన అంతర్జాతీయ మార్గదర్శకాలైన 2007 పారిస్ సూత్రాల పరిధిలోకి వస్తారు. ఆయుధం అప్పగించినవారికే పునరావాసం అని నిబంధన పెడితే ముందుగా నష్టపోయేది ఆ ఆడపిల్లలే.

యుద్ధం నుంచి కాపాడడానికి పిల్లల్ని వేరే దేశానికి తరలించేటప్పుడు కూడా కాగితాలే ప్రాణం. తల్లిదండ్రులు గానీ సంరక్షకులు గానీ ఉంటే వాళ్ల రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి. ప్రతి బిడ్డకూ ఫొటోతో ఒక కార్డు తయారుచేసి విడిపోయిన కుటుంబాలను వెతికే రెడ్ క్రాస్ కేంద్ర అన్వేషణ సంస్థకు పంపాలి. తొందరలో ఈ పని వదిలేస్తే, తర్వాత ఆ బిడ్డ ఎవరి బిడ్డో తేల్చడం చాలా కష్టం.

[తెరపై: టీకా కార్డు, బడి రిజిస్టరు]

క్షేత్రస్థాయిలో వయసు నిర్ధారించేవారు ఏ ఒక్క ఆధారంతోనూ సరిపెట్టుకోకూడదు. టీకా కార్డు, బడి రిజిస్టరు చూడాలి. తోబుట్టువుల వయసులు అడగాలి. ఆ ఊళ్లో అందరికీ గుర్తున్న వరదకో ఎన్నికలకో ముందు పుట్టాడా, తర్వాతా అని తల్లిని అడగాలి. ఎముకల ఎక్స్‌రేలో ఒకటి రెండేళ్లు అటూఇటూ అవుతుంది, పదిహేడా పద్దెనిమిదా తేల్చాల్సిన చోట అది ఏమాత్రం చాలదు. ఇవన్నీ చూశాక కూడా అనుమానం తీరకపోతే, ఎదురుగా ఉన్నది బాలుడనే రాసుకోవాలి.