డ్రాప్ కొట్టడం తెలిసినవాళ్లమే కదా మనం

(న్యూజెర్సీలోని ఎడిసన్‌లో తెలుగువారి వారాంతపు సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. కమిటీవారికి, పెద్దలకు, పక్క హాల్లో పిల్లలను పట్టుకుని కూర్చున్నవారికి మరీ మరీ నమస్కారం. నాకిచ్చిన విషయం చిన్న ఆన్‌లైన్ పోకర్ టోర్నమెంట్లలో చివరిదాకా ఎలా నిలబడాలి అని.

ముందే ఒక హెచ్చరిక. న్యూజెర్సీలో 2013 నవంబరు నుంచి ఆన్‌లైన్ పోకర్ చట్టబద్ధం. 21 ఏళ్లు నిండాలి. మన ఊళ్లలో సంగతి వేరు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో నిషేధించాయి. 2025లో పార్లమెంటు దేశం మొత్తానికి చట్టం చేసింది. అందుకని ఇది విని హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికి వాట్సాప్ చేయకండి.

సిట్ అండ్ గో అంటారే, టేబుల్ నిండగానే మొదలయ్యే చిన్న టోర్నమెంటు, దాన్నే తీసుకుందాం. తొమ్మిది మంది, తలా పది డాలర్లు, సైటు ఫీజు వేరే. మొత్తం 90. మొదటివాడికి 45, రెండోవాడికి 27, మూడోవాడికి 18. నాలుగోవాడికి సున్నా. ఒక్కొక్కరి దగ్గర 1500 చిప్స్, అంటే పందెం బిళ్లలు; అవి అయిపోతే అవుట్. ప్రతి ఆటలో ఇద్దరు వంతులవారీగా పేక చూడకముందే కట్టాల్సిన పందేలే బ్లైండ్స్, చిన్నది స్మాల్ బ్లైండ్, పెద్దది బిగ్ బ్లైండ్; కొన్ని నిమిషాలకోసారి ఇవి పెరుగుతాయి. మొదట్లో మంచి పేక పడితేనే ఆడండి, లేకపోతే ఫోల్డ్, అంటే పేక పారేయడం. పది బిగ్ బ్లైండ్ల కంటే కిందికి పడిపోయాక చిన్న చిన్న రైజులు, అంటే పందెం కొంచెం కొంచెం పెంచడాలు, మానేయండి. ఆల్ ఇన్, అంటే ఉన్న చిప్స్ అన్నీ పెట్టేయడం, లేదా ఫోల్డ్. ఇంతవరకూ మీ అందరికీ తెలుసు.

అసలు నేను మైకు పట్టుకున్నది మా బావమరిది గురించి చెప్పడానికి. ఇక్కడే ఉన్నాడు, తల దించుకున్నాడు చూడండి.

పోయిన నెల నలుగురు మిగిలారు. బ్లైండ్స్ 200, 400. వీడి దగ్గర 4800. అందరికంటే ఎక్కువ ఉన్నవాడి దగ్గర 5700. ఇంకొకడికి 2500. నాలుగోవాడి దగ్గర 500, అక్షరాలా అయిదు వందలు! తర్వాతి ఆటలో అతనే బిగ్ బ్లైండ్, 400 కట్టాలి. ఈ ఆటలో మాత్రం బిగ్ బ్లైండ్ మావాడిదే. స్మాల్ బ్లైండ్‌లో ఉన్న ఆ 5700 ఆయన ఆల్ ఇన్ అన్నాడు. మావాడి చేతిలో ఏస్, కింగ్. మీలో ఎంతమంది కాల్ చేస్తారు, అంటే ఆ పందానికి సరిపడా పెడతారు? చేతులెత్తండి. చూశారా, సగం హాలు!

అవతల ఏడ్ల జత. వీడు ఇంటికి, సున్నాతో. తర్వాతి ఆటలో ఆ 500 వాడూ పోయాడు, కానీ 18 డాలర్లు జేబులో వేసుకుని మరీ పోయాడు. "ఏస్ కింగ్ బావా, ఎలా పారేస్తాను?" అంటాడు వీడు ఇప్పటికీ.

లెక్క చూడండి. నలుగురికీ సమానంగా చిప్స్ ఉన్నాయనుకుందాం. ఆ 90లో ఒక్కొక్కరికి సగటున రావాల్సిన వాటా 22.50 డాలర్లు. ఇద్దరు ఆల్ ఇన్ కొట్టుకుంటే గెలిచినవాడికి చిప్స్ రెట్టింపు. డబ్బు రెట్టింపు కాదు. వాటా 34.50 అవుతుంది, అంతే. మిగతా 10.50 ఎవరికి పోయింది? వేలు కదపకుండా చూస్తూ కూర్చున్న ఇద్దరికీ చెరో 5.25. ఈ లెక్కన నష్టపోకూడదంటే కాల్ చేసినవాడు నూటికి 65 సార్లు గెలవాలి. ఏ చిన్న జత మీదైనా ఏస్ కింగ్‌కి వచ్చేది సుమారు సగమే. పైగా 500 వాడు పడిపోవడానికి సిద్ధంగా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ గెలవాలి.

రమ్మీ ఆడుతూ పెరిగినవాళ్లం, మనకి ఇది ఒకరు చెప్పాలా? సికింద్రాబాద్ క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ కేసులోనే కదా, రమ్మీలో నేర్పు ఉందని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది! పడిన ముక్కలు గుర్తుండాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి అంది. 101 పాయింట్లకు చేరినవాడు అవుటయ్యే 101 పూల్‌లో పేక బాగాలేకపోతే 20 పాయింట్లకే డ్రాప్ కొడతాం, ఆ ఆట వదిలేస్తాం. ఫుల్ కౌంట్ 80 ఎవరు మోస్తారు? పక్కవాడు 95 మీద ఉంటే వాడు పోయేదాకా ఇంకా జాగ్రత్తగా ఆడతాం. ఇదే మనిషి లాప్‌టాప్ ముందు కూర్చోగానే డ్రాప్ మర్చిపోతాడు. ఎందుకండీ?

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. మీ దగ్గరే అందరికంటే ఎక్కువ చిప్స్ ఉంటే అదంతా తిరగబడుతుంది. వాళ్లు కాల్ చేయలేరు కాబట్టి మీరు ఆల్ ఇన్ అంటూనే ఉండండి. ముగ్గురు మిగిలాక మళ్లీ ధైర్యంగా ఆడాలి. మూడో స్థానానికి 18, మొదటి స్థానానికి 45. అక్కడ కూడా ఫోల్డ్ చేస్తూ కూర్చుంటే బ్లైండ్సే మింగేస్తాయి.

భోజనాలకి పిలుస్తున్నారు. ప్రశ్నలుంటే వరుసలో నిలబడి అడగండి. బావమరిదిని మాత్రం అడగకండి, కాల్ చేయమనే చెబుతాడు.