ట్రక్కు వెనక దీపం

శ్రోతలకు నమస్కారం.

ధాన్యం మిల్లులకు, గడ్డి కళ్లాల నుంచి ఇళ్లకు చేరే రోజులివి. నరసన్నపేట, టెక్కలి వైపు గాని, చీపురుపల్లి, రాజాం వైపు గాని చీకటి పడ్డాక రోడ్డెక్కితే, ఎదురొచ్చే ట్రాక్టర్లను ఓసారి గమనించండి. బానెట్ ముందు రెండు, మడ్‌గార్డుల మీద రెండు, పైన టాపుకి ఇంకో బారు, అన్నీ ఎల్‌ఈడీలే. మన కళ్లు బైర్లు కమ్ముతాయి. అదే బండి మనల్ని దాటాక వెనక్కి తిరిగి చూస్తే ఒక్క ఎర్ర చుక్క కనపడదు. గడ్డి లోడైతే మరీ అన్యాయం. మూరెడేసి గడ్డి వెనక్కి వేలాడి, ఉన్న ఆ ఒక్క టెయిల్ లైటునీ మింగేస్తుంది. అడిగితే, "ఎనకాల లైటెందుకు బాబూ, నాను ముందుకి కదా ఎల్తాను" అంటారు. నవ్వొస్తుంది గాని, వెనక బైకు మీద వచ్చేవాడికి నవ్వు రాదు.

ముందు లైట్లు వద్దనను. మన ఊళ్ల రోడ్లకు అవి కావాలి. బిగించే తీరు గురించే నా బాధంతా. చాలాచోట్ల హెడ్‌లైటు వైరు తోలు గీకి, కొత్త లైటు వైరు దానికే చుట్టి, పైన నల్ల టేపు వేసేస్తారు. లెక్క చూడండి. 12 వోల్టుల బ్యాటరీ మీద 60 వాట్ల బల్బు 5 ఆంపియర్లు లాగుతుంది. అదనంగా 40 వాట్ల ఎల్‌ఈడీలు రెండు పెడితే దగ్గర దగ్గర మరో 7 ఆంపియర్లు. ఇదంతా కంపెనీ ఇచ్చిన ఆ సన్న వైరులోంచి, ఆ చిన్న స్విచ్చిలోంచే పోవాలి. స్విచ్చి లోపలి రాగి మొనలు వేడెక్కుతాయి, చుట్టూ ప్లాస్టిక్ మెత్తబడుతుంది, కాలిన వాసన వస్తుంది. వెనక ఉన్నది ఎండుగడ్డి.

దీనికి మందు రిలే. ఆటో ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే చిన్న డబ్బీ. చెరువు తూము లాంటిది: తిప్పే చెయ్యి బలం కొంచెమే, పారే నీళ్లు బోలెడు. అలాగే స్విచ్చి నుంచి వచ్చే కొద్ది కరెంటు దీన్ని కదిపితే, లైట్లకు కావాల్సిన పెద్ద కరెంటు దీంట్లోంచి పోతుంది. కాళ్ల మీద అంకెలుంటాయి, కాగితం ఉంటే రాసుకోండి. 30కి బ్యాటరీ ప్లస్, 87కి లైటు, 85కి ఎర్తు, అంటే బండి బాడీకి కలిపే వైరు, 86కి స్విచ్చి నుంచి వచ్చే వైరు. ఆ స్విచ్చికి కరెంటు హెడ్‌లైటు బ్రైటు వైరు నుంచి తీసుకోండి. అప్పుడు మీరు డిప్ కొట్టగానే అదనపు లైట్లు కూడా వాటంతటవే ఆరిపోతాయి. ఎదుటివాడి తిట్లు తప్పుతాయి.

బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి, ఎందుకంటే బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్యనున్న వైరుకు కాపలా ఎవరూ లేరు. 7 ఆంపియర్ల లోడుకు 10 ఆంపియర్ల ఫ్యూజు చాలు. అది పోయిందని సిగరెట్టు పెట్టెలోని రేకు చుట్టేవాళ్లున్నారు. అప్పుడు కాలాల్సింది ఫ్యూజు కాదు, వైరే.

ఇక ట్రక్కు, అదే ట్రాక్టరు వెనక తగిలించే ట్రాలీ సంగతి. వెనక లైటు ఒకరోజు వెలిగి ఒకరోజు ఆరుతోందంటే చాలామట్టుకు ఎర్తు లోపమే. ట్రాక్టరుకీ ట్రక్కుకీ మధ్య కరెంటు తిరుగుదారి ఆ కొక్కెమే అనుకుంటారు. దానికి గ్రీజు, తుప్పు, రంగు. ఎర్తుకి వేరే వైరు లాగండి. భావనపాడు, కళింగపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో టేపు విప్పి చూస్తే లోపల రాగి ఆకుపచ్చగా పొడి రాలుతుంది. అక్కడ టేపు నమ్మకండి. అతుకుని సోల్డరు చేసి, వేడికి ముడుచుకునే స్లీవు తొడిగించండి.

ఇండికేటర్లు ఎల్‌ఈడీకి మారిస్తే టకటకా వేగంగా కొట్టుకుంటాయి. ఇండికేటర్లను ఆర్పి వెలిగించే పాత ఫ్లాషరు బల్బుల లోడు చూసి పనిచేసేది, ఎల్‌ఈడీ లోడు దానికి ఆనదు. ఎలక్ట్రానిక్ ఫ్లాషరు వేస్తే సరి. దీనివల్ల పెద్ద లాభం ఒకటుంది. 21 వాట్ల బల్బులు నాలుగూ హజార్డులో, అంటే అన్నీ ఒకేసారి, కొట్టుకుంటే వెలిగినప్పుడల్లా 7 ఆంపియర్లు. ఎల్‌ఈడీలైతే ఒక ఆంపియరు దాటదు. హైవే మీద బండి ఆగిపోయి రాత్రంతా హజార్డు వేసి ఉంచినా, మంచి బ్యాటరీ అయితే పొద్దున్న సెల్ఫ్ కొడుతుంది. లారీవాళ్లు మాత్రం జాగ్రత్త, మీది 24 వోల్టులు. 12 వోల్టుల లైటు తగిలిస్తే మాడిపోతుంది.

రంగుల్లో షోకులొద్దు. ముందు తెలుపో పసుపో, వెనక ఎరుపు. మెరిసే నీలం, ఎరుపు లైట్లు అంబులెన్సులకి, పోలీసులకి. 2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీదే ఎర్రబుగ్గలు తీసేశారు, మన బైకుకెందుకు చెప్పండి.

వైరింగు పని ఈ వారం కుదరదంటే, ట్రక్కు వెనక చట్రానికి రెండు చివర్లా, గడ్డి కప్పని చోట, ఎర్ర రిఫ్లెక్టరు టేపు అంటించండి. దానికి బ్యాటరీ అక్కర్లేదు. దుమ్ము పడితే మాత్రం మెరవదు, లోడు ఎత్తే ముందు తడిగుడ్డతో తుడవండి. లోడయ్యాక యాభై అడుగులు వెనక్కి నడిచి, పిల్లాణ్ని బ్రేకు తొక్కమని చూడండి. కనపడకపోతే అప్పుడే గడ్డి సర్దించండి.

నమస్కారం.