జనవరి మొదటి రోజున మంచి మాట: నడి చలికాలపు పండుగల పూర్వచరిత్ర

సభాధ్యక్షులకు, పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

డిసెంబరు మూడో వారం నుంచి జనవరి మొదటి వారం దాకా మన ఫోన్లు శుభాకాంక్షలతో నిండిపోతాయి. వాటితో పాటు ఏటా ఇంకో రకం సందేశం కూడా వస్తుంది. క్రిస్మస్ అసలు క్రైస్తవుల పండుగే కాదని, రోమన్లు జరుపుకొన్న సూర్యుడి పండుగకు చర్చి పేరు మార్చిందని, చెట్టూ దీపాలూ కానుకలూ అన్నీ పాత దేవతల పూజల్లోంచి వచ్చినవేనని ఆ సందేశం చెబుతుంది. అదంతా కట్టుకథ అని, పండుగలో ప్రతి అంశమూ సువార్తల నుంచే వచ్చిందని దానికి జవాబు కూడా వస్తుంది. ఈ రెండు వాదాలూ ఆధారాలను సరిగా తూచకుండా చేస్తున్నవేనని నా అభిప్రాయం. పండుగ తేదీ విషయంలోనూ, చెట్టు విషయంలోనూ క్రైస్తవ పూర్వ మూలాలకు సాక్ష్యం పలచగా ఉంది. ఒకరికొకరు శుభం కోరుకోవడం, చిన్న చిన్న కానుకలు ఇచ్చుకోవడం అనే రెండు ఆచారాల విషయంలో మాత్రం సాక్ష్యం చాలా గట్టిగా ఉంది. చర్చి వీటిని పథకం ప్రకారం తీసుకుందన్న మాట కూడా నిలవదు. చర్చి పెద్దలు వీటిని మాన్పించాలని కొన్ని వందల ఏళ్లు ప్రయత్నించి, మాన్పించలేకపోయారు. ఈ రోజు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఆ కథనే.

క్రీస్తు శకం తొలి సంవత్సరాల్లో ఓవిడ్ అనే రోమన్ కవి పండుగల పంచాంగాన్ని పద్యాలుగా రాశాడు. అందులో మొదటి భాగంలోనే, జనవరి నెలకు అధిదేవత అయిన రెండు ముఖాల జానస్ కవి ఎదుట ప్రత్యక్షమవుతాడు, కవి అతన్ని ప్రశ్నలు అడుగుతాడు. నీ పండుగ నాడు జనం మంచి మాటలే ఎందుకు పలుకుతారు, ఒకరి క్షేమం ఒకరు ఎందుకు కోరుకుంటారు అన్నది అందులో ఒక ప్రశ్న. శకునాలు ఆరంభాల్లోనే ఉంటాయని జానస్ జవాబు చెబుతాడు. ఆ రోజు గుడి తలుపులతో పాటు దేవతల చెవులు కూడా తెరుచుకొని ఉంటాయి కాబట్టి, నాలుక పలికిన ఏ ప్రార్థనా వృథాగా పోదని వివరిస్తాడు. మరి ఖర్జూరాలు, ముడుతలు పడిన ఎండు అత్తిపళ్లు, తెల్లని జాడీలో తేనె ఎందుకిస్తారని కవి మళ్లీ అడిగితే, ఏడాది ఏ రుచితో మొదలైతే ఆ రుచితోనే సాగాలన్న కోరికతో ఇస్తారని చెబుతాడు. ఉగాది పచ్చడి తిని సంవత్సరాన్ని మొదలుపెట్టే మనకు ఈ తర్కం వెంటనే అర్థమవుతుంది. అయితే మనం చేదునూ పులుపునూ కూడా ముందే అంగీకరిస్తాం, రోమన్లు తీపిని మాత్రమే కోరుకున్నారు.

రోమ్‌లో ఏటా ఎన్నికయ్యే అత్యున్నత అధికారులైన కాన్సుల్‌లు క్రీస్తు పూర్వం 153 నుంచి జనవరి 1వ తేదీన పదవి చేపట్టడం మొదలుపెట్టారు. ఆ రోజున ఇచ్చుకొనే కానుకలకు స్ట్రేనా అని పేరు. ఈ ఆచారానికి సంబంధించిన మట్టి దీపాలు తవ్వకాల్లో దొరికాయి. వాటి మీద రెక్కల విజయదేవత ఒక డాలు పట్టుకొని ఉంటుంది. కొత్త సంవత్సరం శుభంగా, సుఖంగా ఉండాలని ఆ డాలు మీద లాటిన్‌లో రాసి ఉంటుంది. చుట్టూ నాణేలు, ఖర్జూరం, అత్తిపండు బొమ్మలు అచ్చొత్తి ఉంటాయి. ఓవిడ్ పద్యంలో ఉన్నవన్నీ ఒక దీపం మీదికి చేరాయన్న మాట. మనం ఈనాడు పంపుకొనే గ్రీటింగ్ కార్డుకు పూర్వరూపం ఎక్కడుందని నన్ను అడిగితే ఈ దీపాలనే చూపిస్తాను.

దీనికి రెండు వారాల ముందు, డిసెంబరు 17న, సాటర్నేలియా మొదలయ్యేది. ఇది పంటల దేవుడైన శాటర్న్ పండుగ. మొదట ఒక్క రోజే జరిగినా, క్రమంగా వారం దాకా సాగింది. ‘ఇయో సాటర్నేలియా’ అని వీధుల్లో కేకలు వేసుకొంటూ జనం ఒకరినొకరు పలకరించుకునేవారు. మైనపు వత్తులు, చిన్న మట్టి బొమ్మలు కానుకలుగా ఇచ్చుకునేవారు. బానిసలు యజమానులతో కలిసి విందు చేసేవారు, కొన్ని ఇళ్లలో యజమానులే వడ్డించేవారు. మామూలు రోజుల్లో నిషేధించిన జూదానికి అప్పుడు అనుమతి ఉండేది. విడుదలైన బానిసలు ధరించే టోపీని ఆ రోజుల్లో అందరూ పెట్టుకునేవారు. కవి కాటులస్ దీన్ని రోజుల్లోకెల్లా మేలైన రోజు అన్నాడు. తత్వవేత్త సెనెకాకు మాత్రం ఈ సందడి అంతగా నచ్చలేదు. ఒకప్పుడు డిసెంబరు ఒక నెలేననీ ఇప్పుడది ఏడాదంతా అయిందనీ అన్న మనిషి మాట తప్పేమీ కాదని తన ఉత్తరంలో రాశాడు. అక్టోబరు నుంచే అలంకరణలు మొదలయ్యే ఈ కాలంలో ఆ వాక్యం చదివితే మనకు రెండు వేల ఏళ్ల దూరం కనిపించదు. రోమన్ రచయిత చిన్న ప్లినీ తన సముద్రతీరపు భవంతిలో ఇల్లంతా కేకలతో మారుమోగుతుంటే, ఒక మూల గదిలోకి వెళ్లి చదువుకునేవాడు. వాళ్ల ఆటపాటలకు తాను అడ్డు రానని, తన చదువుకు వాళ్లూ అడ్డు రారని తృప్తిగా రాసుకున్నాడు.

ఇక క్రైస్తవ గురువుల మాటకు వద్దాం. మనకున్న మంచి సాక్ష్యం వాళ్ల ఫిర్యాదుల్లోనే దొరుకుతుంది, ఎందుకంటే ఎవరూ చేయని పనిని మానమని ఎవరూ ప్రసంగాలు చేయరు. 3వ శతాబ్దం మొదట్లో ఉత్తరాఫ్రికాలోని కార్తేజ్ నగరంలో టెర్టూలియన్ అనే క్రైస్తవ రచయిత, సాటర్నేలియానూ జనవరి పండుగనూ క్రైస్తవులే జరుపుకొంటున్నారని, కానుకలు ఇటూ అటూ తిరుగుతున్నాయని, స్ట్రేనాలు ఇచ్చుకొంటున్నారని బాధపడ్డాడు. ఇళ్ల గుమ్మాలకు దీపాలూ లారెల్ కొమ్మలూ కట్టవద్దని చెబుతూ, లోకానికి వెలుగువు నీవే, ఎప్పటికీ వాడని చెట్టువు నీవే, గుడులను విడిచినవాడివి నీ గుమ్మాన్ని గుడి చేయవద్దు అని హెచ్చరించాడు. వద్దన్న మాటే అయినా ఎంత అందంగా ఉందో చూడండి. క్రీస్తు శకం 400లో, నేటి టర్కీలో ఉన్న అమాసియాలో, బిషప్ ఆస్టీరియస్ సరిగ్గా జనవరి మొదటి తేదీనే ఈ పండుగ మీద ప్రసంగించాడు. పసిపిల్లలు వెండి రేకు చుట్టిన పళ్లతో ఇంటింటికీ వెళ్లి, వాటి విలువకు రెండింతలు పుచ్చుకొంటున్నారని, ఇది వాళ్లకు దురాశ నేర్పుతుందని ఆయన వాదం. ఉత్తరాఫ్రికాలో బిషప్ అగస్టీన్ అదే కాలంలో తన సంఘానికి చెప్పిన మాట ఇంకా సూటిగా ఉంటుంది: వాళ్లు స్ట్రేనాలు ఇస్తారు, మీరు దానధర్మాలు చేయండి.

ఇన్ని శతాబ్దాల ఉపదేశం తరువాత ఏం జరిగింది? ఫ్రాన్సులో నేటికీ ఏడాది చివర అపార్టుమెంటు కాపలాదారుకు, ఉత్తరాలు తెచ్చేవారికి ఇచ్చే సొమ్మును ఎత్రెన్ అంటారు, ఆ మాట స్ట్రేనా నుంచి వచ్చిందే. జానస్‌ను ఎవరూ పూజించడం లేదు. అతని రోజున మంచి మాట చెప్పి, చేతిలో ఏదైనా పెట్టే అలవాటు మాత్రం నిలిచింది. దేవుడు మారినా జనం వదులుకోని ఆచారం ఒకటి చెప్పమంటే నేను దీన్నే చెబుతాను.

తేదీ సంగతి ఇంత తేటగా లేదు. యేసు ఏ రోజున పుట్టాడో సువార్తలు చెప్పవు. 354వ సంవత్సరానికి చెందిన ఒక రోమన్ సంకలనంలో రెండు నమోదులు ఉన్నాయి. అందులోని పంచాంగం డిసెంబరు 25కు ‘అజేయుడి జన్మదినం’ అని రాసి, ముప్పై రథపు పందేలను పేర్కొంటుంది. దీన్ని అజేయ సూర్యుడి పుట్టినరోజుగా అర్థం చేసుకుంటారు. అదే సంకలనంలో అమరవీరుల స్మారక దినాల జాబితా, క్రీస్తు యూదయ బేత్లెహేములో పుట్టిన రోజుగా అదే తేదీని ఇస్తుంది. ఆ జాబితాను 336 నాటిదిగా పండితులు లెక్కిస్తారు. ఆరీలియన్ చక్రవర్తి 274లో సూర్యుడికి ఆలయం కట్టించిన మాట నిజమే. కానీ డిసెంబరు 25న సూర్యోత్సవం జరిగేదని అంతకంటే ముందు రాసిన ఆధారం మనకు లేదు, పైగా అదే పంచాంగంలో సూర్యుడి పేరిట పెద్ద క్రీడలు అక్టోబరులో ఉన్నాయి. మరో వివరణ ప్రకారం, యేసు మరణించిన రోజు మార్చి 25 అని నమ్మిన కొందరు ఆయన గర్భస్థుడైన రోజు కూడా అదేనని భావించి, తొమ్మిది నెలలు కలిపి డిసెంబరు 25ను లెక్కగట్టారు. అగస్టీన్ ఈ లెక్కను స్పష్టంగానే చెప్పాడు. రెండు వివరణల్లో ఏది నిజమైనా, ఆ తేదీ సూర్యుడికి సంబంధించినదన్న స్పృహ అందరికీ ఉంది, ఎందుకంటే రోమన్ పంచాంగ సంప్రదాయంలో అది పగలు మళ్లీ పెరగడం మొదలయ్యే రోజు. 5వ శతాబ్దంలో పోపు లియో, సెయింట్ పీటర్ చర్చి మెట్లెక్కిన క్రైస్తవులు లోపలికి పోయేముందు వెనక్కి తిరిగి ఉదయించే సూర్యుడికి తలవంచుతున్నారని మందలించాడు. రోజూ అర్ఘ్యమిచ్చే పెద్దలున్న ఇళ్లలో పెరిగిన మనకు ఆ భక్తుల మనసు ఊహించడం కష్టం కాదు.

ఉత్తర ఐరోపాలో ఇంకో పాయ ఉంది, అది యూల్ అనే నడి చలికాలపు పండుగ. అక్కడ చలికాలపు రాత్రి రోమ్ రాత్రి కంటే చాలా పొడవు. ఇంగ్లండు సన్యాసి బీడ్ 725లో కాలగణన మీద రాసిన గ్రంథంలో, తన పూర్వీకులు డిసెంబరు, జనవరి నెలలు రెంటినీ యూల్ పేరుతోనే పిలిచేవారని, క్రిస్మస్ ముందు రాత్రిని ‘తల్లుల రాత్రి’ అనేవారని చెప్పాడు. ఆ పేరు ఎందుకొచ్చిందో తన ఊహ అని చెప్పి మరీ రాసిన నిజాయితీపరుడాయన. నార్వేలో 10వ శతాబ్దపు రాజు హాకోన్ ఇంగ్లండులో క్రైస్తవుడిగా పెరిగి తిరిగి వచ్చాడు. అంతకుముందు నడి చలికాలపు రాత్రి జరిగే యూల్‌ను ఆయన క్రైస్తవుల పండుగ రోజులకు జరిపాడని, ప్రతి ఇంటివారూ కొలత ప్రకారం మాల్టుతో బీరు కాచాలని, ఆ బీరు ఉన్నంతకాలం పండుగ పాటించాలని శాసించాడని 13వ శతాబ్దపు ఐస్‌లాండ్ రచయిత స్నోరి రాశాడు. క్రైస్తవం స్థిరపడ్డాక కూడా పశ్చిమ నార్వే చట్టం యూల్ బీరును క్రీస్తు పేరిట, మరియమ్మ పేరిట, మంచి పంట కోసం, శాంతి కోసం ఆశీర్వదించమంది. కాయనివారికి జరిమానా కూడా పెట్టింది. పంట, శాంతి అనే ఆ జంట కోరిక పాత దేవతలకు పాత్రలెత్తి తాగిన కాలం నుంచీ వస్తున్నదే. స్వీడన్, నార్వేలలో నేటికీ ‘గూ యూల్’ అనే పలకరించుకుంటారు. అంటే అక్కడ పండుగ లోపలి విషయం మారింది గానీ పేరు మారలేదు.

చెట్టు గురించి ఎక్కువసేపు ఆగను. గదిలో ఫర్ చెట్టు నిలిపి, రంగు కాగితపు గులాబీలు, ఆపిళ్లు వేలాడదీసిన ఆచారాన్ని వర్ణించే ప్రసిద్ధ రాత స్ట్రాస్‌బర్గ్‌లో 1605 నాటిది. పచ్చని కొమ్మలతో గుమ్మాన్ని అలంకరించడం పాతదే. చెట్టునే ఇంట్లోకి తేవడం మాత్రం క్రైస్తవ జర్మన్ పట్టణాల ఆచారం. క్రిస్మస్‌కు ఇళ్లలో వేలాడదీసే మిసిల్‌టో అనే, చెట్ల కొమ్మల మీద పెరిగే మొక్కను ప్రాచీన గాల్ ప్రాంతపు డ్రూయిడ్ పూజారులు బంగారు కొడవలితో కోసేవారని రోమన్ రచయిత పెద్ద ప్లినీ రాసింది నిజమే కానీ, ఆయన దాన్ని నడి చలికాలానికి ముడిపెట్టలేదు. దాని కింద ముద్దు పెట్టుకోవడం 18వ శతాబ్దపు ఇంగ్లండులో కనిపించే వేడుక.

క్రిస్మస్ అన్యదేవతల పండుగ అన్న వాదాన్ని గట్టిగా ప్రచారం చేసినవారు నాస్తికులు కారు, భక్తి విషయంలో అత్యంత కఠినులైన ప్రొటెస్టెంట్లు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఇలాంటి ప్రొటెస్టెంట్లైన ప్యూరిటన్లు 1659లో క్రిస్మస్ పాటించినవారికి ఐదు షిల్లింగుల జరిమానా విధించారు. 1681లో ఆ చట్టం రద్దయింది. బోస్టన్ మతగురువు ఇంక్రీజ్ మాథర్ 1687లో, ఈ తేదీ సాటర్నేలియా వల్లనే వచ్చిందని రాసి పండుగను ఖండించాడు. స్కాట్లాండులో క్రిస్మస్ ప్రభుత్వ సెలవుదినమైంది 1958లోనే. మన ఫోన్లకు వచ్చే సందేశానికి ముత్తాత ఎవరంటే ఈ ప్యూరిటన్ ప్రసంగమే.

మన సంక్రాంతితో పోలిక కూడా సభలో అడుగుతారని తెలుసు కాబట్టి ఒక మాట చెబుతాను. ఉత్తరాయణ పుణ్యకాలమని మనం పాటించే మకర సంక్రాంతి జనవరి 14 లేదా 15న వస్తుంది, సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21 లేదా 22న. మన పంచాంగం నక్షత్రాలను అనుసరించడం వల్ల ఈ తేడా దాదాపు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున పెరుగుతూ వచ్చింది. సుమారు 1,700 ఏళ్ల క్రితం రెండూ ఒకటే. భోగి మంటకూ యూల్ పండుగకు కాల్చే దుంగకూ చుట్టరికం ఉందని కొందరు చెబుతారు గానీ, దానికి ఆధారం లేదు. రెండు చోట్లా ఆకాశంలో సూర్యుడు ఒక్కడే, చలి కూడా నిజమే. అంతవరకే చెప్పగలం.

ఇంగ్లండులో 1840లో పెన్నీ తపాలా వచ్చింది. 1843లో హెన్రీ కోల్ అనే అధికారి, జాన్ హార్స్లీ చేత బొమ్మ గీయించి వెయ్యి కార్డులు అచ్చు వేయించాడు. మెర్రీ క్రిస్మస్, హ్యాపీ న్యూ ఇయర్ అన్న రెండు శుభాకాంక్షలూ దాని మీద పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి సువార్త నుంచి, రెండోది జానస్ రోజు నుంచి వచ్చినవని తపాలావారు గానీ కొన్నవారు గానీ ఆలోచించి ఉండరు.

అమెరికాలో ఉద్యోగాలు చేసుకొంటున్న మన పిల్లలు డిసెంబరులో మెర్రీ క్రిస్మస్ అనాలా, హ్యాపీ హాలిడేస్ అనాలా అని తటపటాయిస్తుంటారు. అక్కడ ఈ విషయం రాజకీయ వివాదం కూడా అయింది. క్రిస్మస్ చేసుకొనే వారికి ఆ పేరుతోనే శుభం చెప్పమని, ఎదుటివారు ఏం చేసుకొంటారో తెలియనప్పుడు కొత్త సంవత్సరం బాగుండాలని కోరమని నేను చెబుతాను. ఈ రెండో మాట ఎవరినో నొప్పించకూడదని ఈమధ్య కనిపెట్టిన మాట అనుకొంటే పొరపాటు. రోమన్ కుమ్మరి దాన్ని దీపం మీద అచ్చొత్తిన నాటికి క్రిస్మస్ పండుగ ఇంకా లేదు. ఇక మీ ప్రశ్నలు అడగండి, ముఖ్యంగా 354 నాటి సంకలనం గురించి వివరంగా మాట్లాడుకొందాం.