బ్రోషర్ అంకెలు వేరు, మన కణాలు వేరు

అందరికీ నమస్కారం. ప్రాసెస్ డెవలప్‌మెంట్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లే ఇక్కడ ఎక్కువ కనిపిస్తున్నారు. అందుకని సింగిల్ యూజ్ బయోరియాక్టర్, అంటే ఒకసారి వాడి పారేసే బ్యాగులో కణాలు పెంచే రియాక్టర్, ఎందుకు వచ్చిందో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. స్టీలు ట్యాంకును బ్యాచ్ బ్యాచ్‌కీ కడగాలి, ఆవిరి పట్టించాలి, శుభ్రమైందని రుజువు చూపించాలి. గామా కిరణాలతో స్టెరిలైజ్ చేసిన ప్లాస్టిక్ బ్యాగ్‌కి ఆ తిప్పలు లేవు. ఊగే పళ్లెం మీద బ్యాగ్ పెట్టి కణాలు పెంచే పద్ధతిని విజయ్ సింగ్ 1999లో ప్రచురించారు. ఇప్పుడు లోపలే కలియబెట్టే రెక్కలు, అంటే ఇంపెల్లర్, ఉన్న 2000 లీటర్ల బ్యాగులు మామూలైపోయాయి.

కొనబోయే ముందు మీ చేతికి బ్రోషర్ వస్తుంది. ఆక్సిజన్ ద్రవంలోకి ఎంత జోరుగా చేరుతుందో చెప్పే కేఎల్‌ఏ అంకె అందులో గొప్పగా ఉంటుంది. దాన్ని చూసి మురిసిపోకండి. చాలాసార్లు అది నీళ్లలోనో ఉప్పునీళ్లలోనో కొలిచింది. మీ మీడియంలో, అంటే కణాలు పెరిగే పోషక ద్రవంలో, బుడగల దెబ్బ నుంచి కణాలను కాపాడే పోలోగ్జమర్ ఉంటుంది, మధ్యలో నురగ తగ్గించే యాంటీఫోమ్ వేస్తారు. ఆ అంకె అక్కడ నిలవదు.

పైగా ప్రొటీన్ మందుల కోసం మనం పెంచే సీహెచ్‌ఓ (చైనీస్ హామ్‌స్టర్ అండాశయ) కణాలకు బ్యాక్టీరియా అంత ఆక్సిజన్ ఆకలి ఉండదు. పెద్ద రియాక్టర్‌లో చాలాసార్లు ఇబ్బంది పెట్టేది కార్బన్ డయాక్సైడ్. గ్యాసును బుడగలుగా వదిలే స్పార్జర్ సన్న రంధ్రాలది పెడితే బుడగలు చిన్నవై ఆక్సిజన్ బాగా కరుగుతుంది. కానీ ఆ చిన్న బుడగ పైకి చేరేలోపే కార్బన్ డయాక్సైడ్‌తో నిండిపోతుంది, ఇంకేమీ మోసుకుపోలేదు. పంపే గ్యాసూ తక్కువే కాబట్టి బయటికి పోయేదీ తక్కువే. అది పేరుకుంటే పీహెచ్ పడిపోతుంది, కంట్రోలర్ బేస్ పోస్తుంది, ద్రవంలో కరిగిన పదార్థాల గాఢత, అంటే ఆస్మొలాలిటీ, పెరుగుతుంది, కణాలు మందగిస్తాయి. బతికున్న కణాల శాతం, అంటే వయబిలిటీ, పడిపోయి టెన్షన్ మొదలయ్యాక మనమేమో మధ్యలో పోసే పోషకాల ఫీడ్‌ని తిట్టుకుంటూ కూర్చుంటాం! పెద్ద బుడగల స్పార్జర్‌తో కూడా ఒక రన్ చేసి, రోజూ కార్బన్ డయాక్సైడ్ కొలవండి. శాంపిల్ తీసిన వెంటనే అనలైజర్‌లో పెట్టాలి. మూత తీసి బల్ల మీద వదిలేస్తే గ్యాసు పోయి తప్పుడు అంకె వస్తుంది.

ఇక బ్యాగ్ ఫిల్మ్, అంటే దాని ప్లాస్టిక్ పొర సంగతి. పాలిథిలిన్ పాడవకుండా ఇర్గాఫాస్ 168 లాంటి యాంటీఆక్సిడెంట్ కలుపుతారు. గామా కిరణాలు తగిలాక అది విరిగి బీడీటీబీపీపీ అనే పదార్థం పుడుతుంది. లీటరుకు మిల్లీగ్రాముకన్నా తక్కువున్నా అది సీహెచ్‌ఓ కణాల పెరుగుదలను దెబ్బతీస్తుందని ఆమ్‌జెన్ మందుల కంపెనీ శాస్త్రవేత్తలు 2013లో ప్రచురించారు.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద రియాక్టర్ అక్కర్లేదు. అదే ఫిల్మ్‌తో చేసిన చిన్న బ్యాగులో కొద్దిగా మీడియం పోసి, 37 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచండి. ద్రవం తక్కువ, దానికి తగిలే ప్లాస్టిక్ ఎక్కువ ఉండాలి. ఆ మీడియంతో షేక్ ఫ్లాస్కులో కణాలు పెంచండి. పోల్చడానికి పెట్టే మీడియం మాత్రం తాజాది కాకూడదు. గాజు సీసాలో అదే వేడిలో అన్ని రోజులూ ఉన్నదై ఉండాలి. లేకపోతే మీడియంలోని గ్లుటమైన్ అనే పోషకం వేడికి విరిగిపోయిన పాపం కూడా ప్లాస్టిక్ నెత్తినే పడుతుంది. ఒక్క లాట్‌తో, అంటే ఒకే విడతలో తయారైన బ్యాగులతో, ఆపకండి, వేర్వేరు లాట్ల బ్యాగులు అడగండి. ఇవ్వడానికి నసిగితే అదీ ఒక జవాబే.

కోవిడ్ రోజుల్లో బ్యాగుల కోసం నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. ఒక కంపెనీ బ్యాగ్ ఇంకో కంపెనీ హోల్డర్‌లో సాధారణంగా పట్టదు కాబట్టి, రెండో కంపెనీ ఫిల్మ్‌ని కూడా ఇప్పుడే పరీక్షించి పెట్టుకోండి. ఫిల్మ్ తయారీకి వాడే ప్లాస్టిక్ రెజిన్ గానీ, ఫిల్మ్ గానీ మారిస్తే ముందుగా చెప్పాలన్న షరతు ఒప్పందంలో ఉందో లేదో పర్చేజ్ వాళ్లను అడగండి. ఇప్పుడు మీ ప్రశ్నలు చెప్పండి.